హైదరాబాద్ నుంచి సైకిల్ మీద దూరప్రయాణం: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను తార్నాకలో ఉంటాను. బ్యాంకు ఉద్యోగం, వయసు 43. ఆరేళ్ళుగా ఏడాదికోసారి సెలవులు కూడబెట్టుకుని పది పన్నెండు రోజులు సైకిల్ మీద వెళ్ళొస్తున్నాను. ఎక్కువగా దక్షిణానికే: షాద్‌నగర్, జడ్చర్ల, కర్నూలు, గుత్తి, అనంతపురం. ఒకసారి బెంగళూరు దాకా. తిరిగొచ్చిన ప్రతిసారీ లిఫ్టులో, క్యాంటీన్‌లో, పెళ్ళిళ్ళలో అవే ప్రశ్నలు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పీ చెప్పీ విసుగొచ్చి రాసి పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళి చదువుకోండి.

అందరూ ముందు కాళ్ళ గురించే అడుగుతారు. కాళ్ళు మూడో రోజుకి వాటంతటవే దారికొస్తాయి. ఎండ, నీళ్ళు, నీడ, రాత్రి పడక, ఈ నాలుగూ చూసుకోవడంతోనే రోజంతా అయిపోతుంది.

## బయల్దేరే ముందు

నలభై దాటాయి, జిమ్ మొహం కూడా చూడలేదు. ఇంత దూరం తొక్కగలనా?

ఆదివారం ఒక 60 కిలోమీటర్లు తొక్కి, సోమవారం పొద్దున మళ్ళీ ఒక 30 తొక్కగలిగితే తొక్కగలరు. ఆ సోమవారమే అసలు పరీక్ష. ఒక్కరోజు వంద కొట్టడం పంతం మీద ఎవరైనా చేస్తారు. మర్నాడు పొద్దున మళ్ళీ సీటు మీద కూర్చోవాలని అనిపించాలి కదా.

ఔటర్ రింగ్ రోడ్డు పక్కన నానక్‌రామ్‌గూడ, నార్సింగి వైపు సోలార్ కప్పు కింద 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్‌ని 2023 అక్టోబర్‌లో తెరిచారు. మొదట్లో అలవాటుకి అది బాగుంటుంది. అయితే నీడలో, లారీలు లేని చోట తొక్కి అదే హైవే అనుకుంటే మోసపోతారు. రెండు మూడుసార్లైనా వికారాబాద్ అనంతగిరి కొండ ఎక్కి దిగండి. బీపీ, షుగర్, గుండె జబ్బు ఏదున్నా ముందు మీ డాక్టర్‌ని అడగండి.

ఎంత ఖరీదు సైకిల్ కావాలి? లక్ష రూపాయలది కొనాలా?

అక్కర్లేదు. నాది 28 వేలది. చూడాల్సినవి నాలుగు. ఎక్కుడులో కూర్చునే తొక్కగలిగేంత తేలిక గేరు ఉండాలి. వెనక క్యారియర్ బిగించడానికి ఫ్రేముకి మరలు పట్టే రంధ్రాలు ఉండాలి. టైరు వెడల్పు 35 నుంచి 40 మిల్లీమీటర్లు ఉండాలి. నాలుగోది ఎవరూ చెప్పరు: ట్యూబు నాజిల్ మోటార్‌సైకిల్‌కి ఉన్నట్టు లావుగా ఉండాలి. సన్న నాజిల్ అయితే ఊళ్ళో ఏ పంక్చర్ షాపు కంప్రెసరూ దానికి పట్టదు. ఇప్పటికే సన్నదే ఉంటే దానికి బిగించే చిన్న ఇత్తడి అడాప్టర్ దొరుకుతుంది, రెండు కొని ఒకటి పర్సులో, ఒకటి సీటు సంచిలో పెట్టుకోండి.

ముందూ వెనకా స్ప్రింగులున్న సైకిల్ మాత్రం వద్దు. మీరు వేసే బలంలో కొంత ఆ స్ప్రింగులే తినేస్తాయి. క్యారియర్, స్టాండు, బెల్లు లాంటివి కోఠి దగ్గర ఇసామియా బజార్‌లో సైకిల్ షాపులు తిరిగితే దొరుకుతాయి.

ఏ నెలలో వెళ్ళాలి? ఎటు వెళ్తే సుఖం?

నవంబర్ నుంచి ఫిబ్రవరి, దక్షిణానికి. చలి కోసమే అనుకుంటారు కానీ అసలు సంగతి గాలి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి గాలి, అంటే మీరు అనంతపురం వైపు వెళ్తుంటే నేరుగా మొహం మీదికే. చలికాలంలో గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి, తూర్పు నుంచి వీస్తుంది, వీపు మీద చెయ్యేసి తోసినట్టుంటుంది. అందుకే వెళ్ళేటప్పుడు సైకిల్, వచ్చేటప్పుడు రైలు.

మొదటిసారి వెళ్ళేవాళ్ళకి నేను చెప్పే దారి 44వ నంబరు జాతీయ రహదారే. హైదరాబాద్ నుంచి కర్నూలుకి 210 కిలోమీటర్లు, మూడు రోజుల్లో హాయిగా చేరొచ్చు. ఇంకో లాభం, కాచిగూడ నుంచి వెళ్ళే రైలు మార్గం కూడా షాద్‌నగర్, జడ్చర్ల, మహబూబ్‌నగర్, గద్వాల, కర్నూలు, డోన్, గుత్తి మీదుగానే పోతుంది. ఒంట్లో బాగోకపోతే ఎక్కడో ఒకచోట స్టేషన్ ఉంటుందనే ధైర్యం.

మార్చి దాటాక వెళ్ళకండి. ఏప్రిల్‌లో ఒకసారి వెళ్ళి కొత్తకోట దాటకుండానే వెనక్కి వచ్చాను.

సామాను ఎంత? వీపుకి బ్యాగు వేసుకుంటే చాలదా?

వీపుకి ఏదీ తగిలించకండి. రెండో రోజుకి భుజాలు, మెడ పట్టేస్తాయి, వీపంతా చెమట. బరువంతా సైకిలే మోయాలి. వెనక క్యారియర్‌కి రెండు పక్కలా రెండు సంచులు, నావన్నీ కలిపి తొమ్మిది కిలోలు. తొక్కే బట్టలు రెండు జతలు, రాత్రికి ఒక జత, పల్చటి దుప్పటి, పంపు, రెండు ట్యూబులు, పంక్చర్ సామాను, మందులు, ఛార్జర్, ఆధార్.

వీటన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది ఒక పాత నూలు చున్నీ. పొద్దున మెడకి, ఎండలో తడిపి తల మీదికి, మధ్యాహ్నం పరుచుకోవడానికి, స్నానం చేశాక తువ్వాలుకి, రాత్రి లాడ్జి కిటికీకి తెర. ఒకసారి కాలు బెణికితే కట్టు కూడా దాంతోనే కట్టారు.

ఇంట్లో వాళ్ళు ససేమిరా అంటున్నారు. మీవాళ్ళు ఎట్లా ఒప్పుకున్నారు?

మా అమ్మ ఇప్పటికీ ఒప్పుకోలేదు. 1923లోనే బొంబాయి నుంచి ఆరుగురు కుర్రాళ్ళు సైకిళ్ళ మీద ప్రపంచం చుట్టడానికి బయల్దేరారు, ముగ్గురు 1928లో పూర్తిచేసి తిరిగొచ్చారు అని చెప్పి చూశాను. "వాళ్ళ అమ్మల్ని అడిగావా?" అంది. చివరికి కుదిరిన ఒప్పందం మూడు ఫోన్లు: బయల్దేరేటప్పుడు, మధ్యాహ్నం ఆగినప్పుడు, రాత్రి గది తలుపు వేసుకున్నాక. ఫోన్ మర్చిపోతే మర్నాడు బస్సెక్కి వచ్చేయాలి. ఒకసారి మర్చిపోయాను. ఆ రోజు మా అమ్మ మాట్లాడిన మాటలు ఇక్కడ రాయను.

సిటీ దాటడమే భయం. ఎట్లా బయటపడాలి?

ఆదివారం తెల్లవారుజామున, ఐదింటికల్లా. ఫ్లైఓవర్లు ఎక్కకుండా కింద నుంచే ఆరాంఘర్ మీదుగా శంషాబాద్ దాటేయండి. ఔటర్ మెయిన్ రోడ్డు మీదికి సైకిళ్ళని రానివ్వరు, పక్కనున్న సర్వీస్ రోడ్డే మనది. మరీ భయమనిపిస్తే సైకిల్‌ని ట్రాలీ ఆటోలో వేసుకుని శంషాబాద్ అవతల దిగండి. ఎవరూ లెక్కలు అడగరు.

## రోడ్డు మీద

రోజంతా తొక్కుతూనే ఉంటారా? ఒక రోజు ఎట్లా గడుస్తుంది?

ఐదింటికి లేస్తాను. టీ దొరికితే టీ, లేకపోతే రాత్రి కొన్న అరటిపండు. ముందు టైర్లు నొక్కి చూడాలి. రాత్రి గాలి నెమ్మదిగా దిగిపోయి ఉంటే గదిలోనే పంక్చర్ వేసుకోవచ్చు, రోడ్డు మీద వేసుకోవడం కంటే ఎంతో నయం. చలికాలం ఆరున్నర దాటాక గానీ సూర్యుడు రాడు. ఆరు దాటి కాస్త వెలుగు రాగానే బయల్దేరతాను.

రోజు మొత్తంలో మంచి సమయం అదే. గాలి ఉండదు, లారీలు తక్కువ. పొలాల మీద సన్నటి మంచు, ఎక్కడో మోటారు బోరు చప్పుడు. ఎనిమిదింటికి టిఫిన్, మళ్ళీ పదకొండింటి దాకా తొక్కుడు. గంటకి పదిహేను కిలోమీటర్ల చొప్పున అప్పటికే 55, 60 అయిపోతాయి. చెప్పాలంటే రోజు అక్కడితో అయిపోయినట్టే. పదకొండున్నర నుంచి మూడింటి దాకా నీడలో. తిండి, కునుకు, ఫోన్ ఛార్జింగ్, ఎవరో ఒకరితో కబుర్లు. మూడు దాటాక ఇంకో 20 కిలోమీటర్లు, ఐదింటికల్లా ఊరు చేరాలి. స్నానం, బట్టలు ఉతుక్కోవడం, అన్నం. ఎనిమిదిన్నరకి నిద్ర. టీవీ పెట్టుకుందామని రోజూ అనుకుంటాను, ఒక్కరోజూ పెట్టలేదు.

రోజుకి ఎన్ని కిలోమీటర్లు తొక్కాలి?

70, 80. బ్రెవేలు, అంటే గడువు పెట్టి తొక్కే దూరపు సవారీలు, తొక్కేవాళ్ళు 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లోపు ముగించాలి, వాళ్ళంటే నాకు గౌరవం. కానీ అది వేరే ఆట. మీరు మర్నాడూ తొక్కాలి, ఆ మర్నాడూ తొక్కాలి. ఐదు రోజులకోసారి పూర్తిగా విశ్రాంతి పెట్టుకోండి. నాకు ఆ రోజు కర్నూలులో పడేది. కొండారెడ్డి బురుజు ఒకసారి చూసి, మిగతా రోజంతా పడుకునేదాన్ని.

ఎదురుగాలి వస్తే ఏం చేస్తారు?

తిట్టుకుంటాను. తర్వాత గేరు తగ్గించి, చేతులు కాస్త వంచి, గంటకి తొమ్మిది కిలోమీటర్లకి ఒప్పేసుకుంటాను. కొండయితే ఎక్కాక దిగుడు ఉంటుంది, గాలికి ఆ న్యాయం లేదు. డోన్ దాటాక గుత్తి దాకా చాలాచోట్ల చెట్టూ చేమా లేని బయలు, అడ్డం ఏదీ ఉండదు. అనంతపురం జిల్లాలో అన్ని గాలిమరలు ఊరికే పెట్టలేదు. మధ్యాహ్నానికి గాలి పెరుగుతుంది, పొద్దున్నే దూరం కొట్టేయమనేది అందుకే.

నీళ్ళు ఎన్ని మోయాలి? ఊళ్ళలో నీళ్ళు తాగొచ్చా?

చలికాలమైతే గంటకి అరలీటరు, ఎండ గట్టిగా ఉంటే ముప్పావు నుంచి లీటరు. నేను మూడు లీటర్లు పెట్టుకుంటాను, ఒకటిన్నర లీటరుకి దిగగానే ఎక్కడ ఆగితే అక్కడ నింపేస్తాను. ఇప్పుడు దాదాపు ప్రతి ఊళ్ళో వాటర్ ప్లాంట్ ఉంది, ఇరవై లీటర్ల క్యాన్లు నింపే చోట సీసా నింపమంటే చాలాసార్లు డబ్బులు కూడా తీసుకోరు. పెట్రోల్ బంకుల్లో కూడా అడగండి.

ఉత్త నీళ్ళే పొట్ట నిండా తాగడం మాత్రం తప్పు. చెమటలో ఉప్పు పోతుంది, పైనుంచి నీళ్ళు పోస్తూ ఉంటే ఒంట్లో మిగిలిన ఉప్పు ఇంకా పల్చబడుతుంది. తలనొప్పి, వికారం, మనిషి తికమకగా మాట్లాడటం. ఓఆర్ఎస్ ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్ళకి ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, చెంచాలు తలకొట్టి కొలవాలి. ఉప్పేసిన మజ్జిగ కూడా మంచిదే. మూత్రం ముదురు పసుపులో ఉంటే మీరు వెనకబడ్డారని గుర్తు.

ఏం తింటారు? బయట తిండి పడుతుందా?

పడుతుంది, వేడిగా కళ్ళముందు చేసింది తింటే. సిటీ అంచున ఇరానీ చాయ్ అయిపోతుంది, అక్కడి నుంచి అల్లం టీ. జడ్చర్ల దాకా బండి మీద ఇడ్లీ, వడ, పూరీ. అక్టోబర్, నవంబర్‌లో వెళ్తే జడ్చర్లకి ముందు వచ్చే బాలానగర్ దగ్గర రోడ్డు పక్కన గంపల్లో సీతాఫలాలు. రెండు తింటే గంట దాకా ఇంకేమీ అక్కర్లేదు, గింజలు ఉమ్ముకుంటూ కూర్చునే ఓపిక ఉండాలంతే.

తుంగభద్ర దాటి కర్నూలులో అడుగుపెట్టాక ఉగ్గాని మొదలు. మనం మరమరాలనేవి అక్కడ బొరుగులు. నీళ్ళలో ఇట్టే ముంచి గట్టిగా పిండి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపు తాలింపులో కలిపి, పైన పుట్నాల పొడి చల్లి, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు పెడతారు. సైకిల్ తొక్కేవాళ్ళ కోసమే కనిపెట్టినట్టుంటుంది: పొట్టకి తేలిక, ఉప్పూ కారం ఉంటాయి, పది నిమిషాల్లో లేచి తొక్కొచ్చు. మధ్యాహ్నం పెరుగన్నం, దొరికితే జొన్నరొట్టె, పప్పు.

హైదరాబాద్ వాళ్ళకి ఒక మనవి: మధ్యాహ్నం బిర్యానీ వద్దు. తిన్నాక తొక్కాల్సింది మీరే.

మిట్టమధ్యాహ్నం ఎక్కడ ఉంటారు? రోడ్డు పక్కన చెట్లే లేవు కదా!

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఇదే. నాలుగు వరసల రోడ్డు వేసేటప్పుడు పాత చింతలు, మర్రులు, వేపలు కొట్టేశారు. మధ్యలో గన్నేరు మొక్కలున్నాయి, వాటి నీడ వాటికే చాలదు. పది కిలోమీటర్లు పోయినా ఒక్క చెట్టు తగలని చోట్లున్నాయి. అందుకని పది దాటితే నా కళ్ళు రోడ్డు మీద ఉండవు, నీడ మీదే ఉంటాయి. దాబాల్లో నులక మంచం దొరుకుతుంది, భోజనం చేస్తే రెండు గంటలు పడుకోనిస్తారు. బస్ షెల్టర్లు, ఊరి రచ్చబండ, గుడి మండపం, పెట్రోల్ బంకు వెనక వేపచెట్టు. ఏదీ లేకపోతే రోడ్డు కింద మోరీ. లోపల పాములు, సీసా పెంకులు ఉంటాయి, ముందు టార్చి వేసి చూసుకోవాలి. బీచుపల్లి దగ్గర కృష్ణ ఒడ్డున ఆంజనేయస్వామి గుడి ఆవరణలో పడుకున్న మధ్యాహ్నం లాంటిది మళ్ళీ దొరకలేదు.

గుత్తి నుంచి పత్తికొండ వెళ్ళే దారిలో ఎర్రగుడి ఉంది. అక్కడ బండల మీద అశోకుడి శాసనాలున్నాయి, రెండువేల రెండువందల ఏళ్ళ పైబడినవి. బ్రాహ్మీ లిపి, చదవడం మనవల్ల కాదు. కానీ ఆ పద్నాలుగు శాసనాల్లో రెండోదాంట్లో ఉన్న సంగతి ఇది: మనుషుల కోసం, పశువుల కోసం దారుల వెంట బావులు తవ్వించాను, చెట్లు నాటించాను. ఆ బండ దగ్గర నేను నిలబడ్డది ఒంటిగంటకి, సీసాలో గుక్కెడు నీళ్ళతో. చుట్టూ చూశాను. నీడ కోసం చివరికి అదే బండని ఆనుకుని కూర్చున్నాను.

కూర్చునే చోట నొప్పి భరించలేకపోతున్నాను. మెత్తటి సీటు వేయించనా?

వద్దు, మెత్తటి సీటు ఇంకా చెడ్డది. గంట కాగానే నురుగు అణిగిపోయి, ఎముకల మీద పడాల్సిన బరువు మెత్తటి చోట పడుతుంది. కాస్త గట్టిగా, మీ కూర్చునే ఎముకల వెడల్పుకి సరిపోయే సీటు కావాలి. ఆడవాళ్ళకి వెడల్పాటిది. ప్యాడ్ ఉన్న సైక్లింగ్ నిక్కరు వేసుకోండి, దాని లోపల ఇంకేమీ వేసుకోకూడదు. లోపల వేసుకున్నదాని కుట్లు ఒరుసుకునే పుండ్లు పడతాయి. పొద్దున వాజిలీన్ లేదా కొబ్బరినూనె రాసుకోవాలి, పది నిమిషాలకోసారి పెడల్స్ మీద లేచి నిలబడాలి, నిక్కరు ప్రతిరోజూ ఉతకాలి. మొదటి మూడు రోజులు నొప్పి మామూలే. చర్మం ఎర్రగా కంది మండుతుంటే మాత్రం ఒకరోజు ఆగిపోండి, పంతానికి పోతే వారం పోతుంది.

పంక్చర్ అయితే నడిరోడ్డు మీద ఏం చేస్తారు?

నేనే వేసుకుంటాను, మీరూ బయల్దేరకముందే ఇంట్లో నాలుగైదుసార్లు వేసి నేర్చుకోండి. హైవే అంచున ముళ్ళకంటే ఎక్కువ బాధపెట్టేది పేలిన లారీ టైర్ల తీగ ముక్కలు. వెంట్రుకంత సన్నగా ఉంటాయి. మట్టిదారుల్లో అయితే పల్లేరు కాయలు, సర్కారు తుమ్మ ముళ్ళు.

డోన్ అవతల ఒకరోజు అరగంటలో మూడుసార్లు వెనక టైరు పోయింది. ట్యూబు మార్చాను, పోయింది. ప్యాచ్ వేశాను, పోయింది. మూడోసారి మోరీ గట్టు మీద కూర్చుని, టైరు పూర్తిగా ఊడదీసి, లోపలి వైపు వేలితో చాలా నెమ్మదిగా తడుముతూ పోయాను. కంటికి ఏమీ కనపడలేదు, వేలికి మాత్రం చురుక్కుమంది. అర సెంటీమీటరు తీగ. గోళ్ళకి దొరకలేదు, కనుబొమ్మలు తీసుకునే పట్టకారుతో లాగాను. అప్పటి నుంచి ఆ పట్టకారు పంక్చర్ డబ్బాలోనే ఉంటుంది. గుచ్చుకున్నది తీయకుండా ట్యూబు ఎన్ని మార్చినా దండగే.

వాన పడితే?

తారు రోడ్డు మీద ఉంటే తడవండి, ఏమీ కాదు. బ్రేకులు ఆలస్యంగా పడతాయి, అంతే. నల్లరేగడి దారిలోకి మాత్రం దిగకండి.

ఒక్కసారి జూన్‌లో వెళ్ళాను, ఆ తొలకరికి పత్తికొండ వైపు అడ్డదారిలో ఇరుక్కున్నాను. నాలుగు గజాలు పోయేసరికి మట్టి టైరుకి చుట్టుకుని, మడ్‌గార్డు కింద గట్టిగా కూరుకుపోయి, చక్రం తిరగడమే మానేసింది. ఎత్తుదామంటే సైకిల్ రెండింతల బరువు. తుగ్గలి, జొన్నగిరి చుట్టుపక్కల తొలకరికి జనం పొలాల్లో వజ్రాలు వెతుకుతారు, ఆ రోజూ వంగి వెతుకుతున్నారు. నేను పక్కన కూర్చుని పుల్లతో మట్టి గోకుతున్నాను. ఒక పెద్దాయన దగ్గరికొచ్చి, "నీకేమన్నా దొరికిందా పాపా?" అన్నాడు.

లారీల పక్కన తొక్కడం ప్రమాదం కాదా?

ప్రమాదమే, జాగ్రత్త తప్ప మందు లేదు. తెల్ల గీతకి ఎడమ పక్కనే ఉండండి. వంతెనల మీద ఆ అంచు హఠాత్తుగా మాయమవుతుంది, వంతెనకి ముందే వెనక్కి చూసుకోవాలి. హ్యాండిల్‌కి అద్దం పెట్టించుకోండి. ఊళ్ళ దగ్గర ఫ్లైఓవర్ ఎక్కకుండా సర్వీస్ రోడ్డు పట్టండి. నా అనుభవంలో లారీ డ్రైవర్లు నయం, హారన్ కొట్టి పక్కకి జరుగుతారు. రాంగ్ సైడ్‌లో మన ఎదురుగా వచ్చే మోటార్‌సైకిళ్ళు, సాయంత్రం వెనక లైటు లేకుండా పోయే గడ్డి ట్రాక్టర్లు, వీటితోనే టెన్షన్.

టోల్ గేటు దగ్గర సైకిల్‌కి డబ్బులు కట్టక్కర్లేదు. జాతీయ రహదారి మీద ఏదైనా జరిగితే 1033, అంబులెన్స్‌కి 108.

కుక్కలు వెంటపడితే?

తొక్కడం ఆపి దిగండి. అవి తరిమేది చక్రాన్ని. కుక్కకీ మీకూ మధ్య సైకిల్ పెట్టుకుని నెమ్మదిగా నడిస్తే కాసేపటికి వాటికే విసుగు. ఒకవేళ కరిస్తే వెంటనే పావుగంట సేపు సబ్బు, ధారగా పడే నీళ్ళతో కడిగి, ఆ రోజే ఇంజెక్షన్ మొదలుపెట్టాలి. ప్రయాణం అక్కడితో ఆపేయండి.

## చీకటి పడ్డాక

రాత్రి ఎక్కడ పడుకుంటారు? టెంటు కావాలా?

నేను టెంటు మోయను. ముప్పై నలభై కిలోమీటర్లకి లాడ్జి ఉన్న ఊరు తగిలే దారిలో రెండున్నర కిలోల టెంటు దేనికి? లాడ్జికి నాకు ఆరు వందల నుంచి వెయ్యి అవుతుంది. లాడ్జి లేని చోట పెట్రోల్ బంకు మేనేజర్‌ని, గుడి పూజారిని, బడి హెడ్మాస్టర్‌ని అడిగాను, ఇద్దరో ముగ్గురో మాత్రమే కాదన్నారు. చీకటి పడకముందే అడగాలి. ఏడున్నరకి వచ్చి తలుపు కొట్టేవాళ్ళంటే ఎవరికైనా అనుమానమే.

పుణ్యక్షేత్రాల్లో సత్రాలుంటాయి. కొన్నిట్లో గది ఇచ్చే ముందు కులం అడుగుతారు. తొంభై కిలోమీటర్లు తొక్కొచ్చి ఆ ప్రశ్నకి జవాబు చెప్పే ఓపిక నాకు ఉండదు, దేవస్థానం వాళ్ళ గదులు చూసుకుంటాను.

లాడ్జిలో సైకిల్ ఎక్కడ పెడతారు?

గదిలో. డబ్బులు కట్టకముందే అడగాలి, కట్టాక అడిగితే కుదరదంటారు. పై అంతస్తు అయితే సంచులు విప్పి మోసుకెళ్తాను.

బట్టలు ఆరతాయా? ఫోన్ ఛార్జింగ్ సంగతేంటి?

ఉతికాక పొడి తువ్వాలులో చుట్టి కాళ్ళతో తొక్కితే సగం నీళ్ళు పోతాయి, ఫ్యాను కింద తెల్లారేసరికి ఆరతాయి. ఆరకపోతే క్యారియర్ మీద పిన్నీసులు పెట్టి ఆరేసుకోండి, కర్నూలు రోడ్డు మీద నా టీషర్టులు చూడనివాళ్ళు లేరు. ఫోన్‌కి ఒక పవర్ బ్యాంక్ చాలు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకుని డేటా ఆపేయండి.

ఆడపిల్లని, ఒంటరిగా వెళ్ళొచ్చా? నిజం చెప్పండి.

వెళ్ళొచ్చు, కొన్ని పద్ధతులతో. నేను సాయంత్రం ఐదు తర్వాత రోడ్డు మీద ఉండను. ఎక్కడ దిగబోతున్నానో దారిలో ఎవరికీ చెప్పను. లైవ్ లొకేషన్ మా చెల్లి దగ్గర ఉంటుంది. ప్యాడ్ నిక్కరు మీద వదులు ప్యాంటు, పొడుగు చేతుల చొక్కా వేసుకుంటాను, ఎండకీ అదే మంచిది, చూపులకీ అదే మంచిది. బాత్రూమ్‌కి పెట్రోల్ బంకులు, టోల్ గేట్లు. ఎక్కడ బాగుందో చూసుకుని అక్కడే వెళ్తాను, వెళ్ళాల్సి వస్తుందని నీళ్ళు తగ్గించడం మాత్రం చేయను. పీరియడ్స్‌లో మొదటి రోజు తొక్కను, ఆ రోజు కోసం లెక్కలో ఒక రోజు ఎక్కువ వేసుకుంటాను.

ఒకసారి ఒకడు మోటార్‌సైకిల్ మీద నాలుగు కిలోమీటర్లు పక్కపక్కనే వచ్చాడు. టీ కొట్టు కనపడగానే ఆగి, అక్కడ వేరుశనగలు ఒలుస్తున్న ఆడవాళ్ళ పక్కన కూర్చున్నాను, చెప్పాను. వాళ్ళలో పెద్దావిడ లేచి నిలబడి వాడి వైపు చూసిందంతే, వెళ్ళిపోయాడు.

ఎక్కువసార్లు ఎదురయ్యేది ప్రశ్నలు. మహబూబ్‌నగర్ వైపు "ఏడికి పోతున్నవ్ బిడ్డా గీ ఎండల?" అంటారు, కర్నూలు దాటాక "యా ఊరు పాపా? బస్సులు లేవా?" అంటారు. ఆ తర్వాత రెండు చోట్లా ఒకటే: "మీ ఆయన ఏడి?" వెనక వస్తున్నాడని చెప్తాను. ఆయన తార్నాకలో పిల్లల్ని బడికి పంపుతుంటాడు.

రాత్రిపూట చల్లగా ఉంటుంది కదా, అప్పుడు తొక్కితే?

వద్దు. శ్రీశైలం దారిలోనైతే కుదరదు కూడా, అది అమ్రాబాద్ పులుల అడవి. మన్ననూర్ దగ్గర అటవీ శాఖ గేటు రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మూసేస్తారు. అడవి దాటాలంటే పొద్దున గేటు తీయగానే బయల్దేరాలి.

ఒంటరిగా అన్ని గంటలు బోర్ కొట్టదా?

కొడుతుంది. రెండో రోజు మధ్యాహ్నం బాగా కొడుతుంది. ఆఫీసు గొడవలు, ఎప్పుడో ఎవరో అన్న మాటలు అన్నీ ఒకసారి తిరిగొస్తాయి. నాలుగో రోజుకి అవి అయిపోయి, ముందున్న ఎక్కుడు, సీసాలో నీళ్ళు, టిఫిన్ బండి తప్ప ఏమీ తట్టదు. చెవుల్లో పాటలు పెట్టుకోకండి, వెనక లారీ వినపడాలి.

## తిరుగు ప్రయాణం

రైల్లో సైకిల్ తేవచ్చా?

తేవచ్చు. స్టేషన్‌లో పార్సిల్ ఆఫీసులో మీ టికెట్ చూపించి, అదే రైలుకి లగేజీగా బుక్ చేయాలి. కనీసం రెండు గంటల ముందు వెళ్ళండి. రైలు రెండు నిమిషాలే ఆగే స్టేషన్‌లో ఎక్కించడం కష్టం, అనంతపురం, గుత్తి లాంటి పెద్ద స్టేషన్ చూసుకోండి. అట్టముక్క మీద పేరు, ఫోన్ నంబరు, ఎక్కడి నుంచి ఎక్కడికి అని రాసి రెండు చోట్ల కట్టండి. పెడల్స్ విప్పి, హ్యాండిల్ అడ్డం తిప్పి, వెనక గేర్లకి పాత బట్ట చుట్టండి. ఒకసారి నేను బట్ట చుట్టలేదు. కాచిగూడలో దించుకునేసరికి గేర్లు వేలాడే కొక్కెం లోపలికి వంగిపోయి ఉంది. ఇంటికి ఆటో.

మధ్యలో మానేసి వచ్చేస్తే నలుగురిలో నవ్వులపాలు కానా?

నేను రెండుసార్లు మానేసి వచ్చాను: ఒకసారి ఎండకి, ఒకసారి కడుపు పాడై. మా అపార్ట్‌మెంట్‌లో ఎవరికీ గుర్తులేదు. జ్వరం, రెండుసార్లకి మించి విరేచనాలు, కళ్ళు తిరగడం, వీటిలో ఏదున్నా ఆ పూటే దగ్గర్లోని స్టేషన్‌కి వెళ్ళిపోండి.

వచ్చి వారమైంది, చిటికెన వేళ్ళు ఇంకా తిమ్మిరిగానే ఉన్నాయి. మామూలేనా?

రోజంతా హ్యాండిల్ మీద అరచేయి ఆనించడం వల్ల అక్కడి నరం నొక్కుకుని అట్లా అవుతుంది. నాకు మొదటిసారి రెండు వారాలు పట్టింది, చొక్కా గుండీలు పెట్టుకోవడం కూడా కష్టమైంది. తగ్గకుండా ఉన్నా, పట్టు సడలినా డాక్టర్‌కి చూపించండి. ఈలోపు హ్యాండిల్ కాస్త పైకి ఎత్తించి, మెత్తటి పట్టు వేయించి పెట్టుకోండి.